కేరాఫ్ పక్కిల్లు

లింగంపల్లి, హైదరాబాద్
6 జూలై 2025

పెద్దమ్మా,

మొన్న ఫోనులో అరగంట అరిచాను. పక్క ఫ్లాటు వాళ్ళు గొడవేమో అనుకుని తలుపు తీసి చూశారు. నువ్వు మాత్రం "జర గట్టిగ చెప్పు బిడ్డా" అన్నావు. అందుకే కాగితం తీశాను. ముప్ఫై ఏళ్ళు ఊరి పోస్టాఫీసు నడిపినదానివి, ఉత్తరమైతే నీకు తప్పకుండా చేరుతుంది.

సంగతి ఇది. ప్రణయ్‌కి మీ జహీరాబాద్‌లోనే ట్రాక్టర్ల విడిభాగాలు చేసే షెడ్డులో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. నాలుగు నెలలుగా ఇక్కడినుంచే పోయి వస్తున్నాడు. పొద్దున ఐదింటికి బస్సెక్కితే మళ్ళీ ఇంటికొచ్చేసరికి పూజిత నిద్రపోయి ఉంటుంది. ఆదివారం నాన్నను చూసి కొత్త మనిషిలా సిగ్గుపడుతోంది. ఇంక మావల్ల కాదు. అక్కడికే వచ్చేద్దామనుకుంటున్నాం, మా అత్తమ్మను కూడా తీసుకుని.

పెద్ద ఇల్లు అక్కర్లేదు. ఎనిమిదేళ్ళలో ఐదు ఇళ్ళు మారాం. ప్రతిచోటా ఓనరు మొదట నా పేరు విని నవ్వుతాడు. తరవాత ప్రణయ్ పేరు, వాళ్ళ నాన్న పేరు దానియేలు అని విని "మీరు ఏమోళ్ళు?" అంటాడు. చెప్పి చెప్పి నోరు అలిసిపోయింది. అన్ని రకాల మనుషులూ ఉండే కాలనీ ఏదైనా ఊరి బయట ఉంటే చూడు. గేటు దగ్గర ఎవరూ ఏమీ అడగని చోటు కావాలి. అమ్మ పోయాక నా తరఫున ఇల్లు చూసిపెట్టే మనిషివి నువ్వొక్కదానివే.

పూజిత నీకు ముద్దులు పంపుతోంది. చెవి మందు మానకు.

నీ మానస

---

జహీరాబాద్
14 జూలై 2025

బిడ్డా మానసా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి సంగతి కోసం, రెండుసార్లు ఊరికే. ఈ రోజుల్లో నాకు వచ్చేవన్నీ కరెంటు బిల్లులే.

ఇల్లు చూడటం నాకొదిలెయ్. గల్లీ మంచిదో కాదో తెలుసుకోవడానికి నాకొక పద్ధతి ఉంది. ఇంట్లో లేనివాళ్ళ ఉత్తరం పక్కింటివాళ్ళు తీసుకుంటే అది మంచి గల్లీ. "మాకెందుకమ్మా" అంటే అక్కడ గోడలే ఉన్నట్టు, మనుషులు లేనట్టు. ముప్ఫై ఏళ్ళలో ఈ లెక్క తప్పలేదు.

అందుకే నాలుగు కవర్లు కొన్నాను. నాలుగింటి మీదా "దానియేలు ప్రణయ్" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఖాళీ ఇంటి పక్కింటికి పోయి, "వాళ్ళు కొత్తగా దిగబోతున్నరు, వచ్చేదాక ఈ కవరు మీ దగ్గర ఉంచుతరా?" అని అడుగుతున్నాను.

మొదటిది బొంబాయి రోడ్డు మీది గేటు కాలనీ. వాచ్‌మన్ నా పేరు, మా నాన్న పేరు రాసుకున్నాడు. పక్కింటామె కవరు తీసుకుని పేరు చదివి, చేయి కాలినట్టు తిరిగిచ్చింది. "వీళ్ళు మొదటి నుంచి గిట్లనేనా, నడుమ మారిన్రా?" అంది. నేను వినబడనట్టు నిలబడ్డాను. చెవుడు అప్పుడప్పుడు పనికొస్తుంది.

రెండోది ఉద్యోగులు కట్టుకున్న కాలనీ. ఒక రిటైర్డు సారు చాయ తాగించాడు, నా మోకాళ్ళ గురించి అడిగాడు. కవరు చూశాక, "మేము ఎక్కువ ఊర్ల ఉండమమ్మా, పెద్దమనుషులు మీకెందుకు ఈ తిరుగుడు" అన్నాడు. చాయ బాగుంది. మనిషే చప్పగా ఉన్నాడు.

ఆటోలు ఎక్కి దిగి నడుము పట్టేసింది. రెండు రోజులాగి మళ్ళీ బయల్దేరతాను. మనుషులు ఇంత చిన్నబుద్ధులతో ఎట్లా బతుకుతారో నాకర్థం కాదు.

నీ పెద్దమ్మ
భాగీరథి

---

లింగంపల్లి
22 జూలై 2025

పెద్దమ్మా,

నీ కవర్ల సంగతి చదివి ప్రణయ్ చాలా రోజుల తరవాత పడీపడీ నవ్వాడు. "మీ పెద్దమ్మ నా పేరుతో ఊరంతా తిరుగుతోంది, నాకు ముందే పరపతి పెరిగింది" అన్నాడు. అత్తమ్మకు కూడా చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు. "ఆమెనా? కవరు పట్టుకొని ఇల్లిల్లు తిరుగుతున్నదా?" అని రెండుసార్లు అడిగి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. మోకాళ్ళ నొప్పి కాబోలు.

షెడ్డులో ఎవరో మొగుడంపల్లి దారిలో కొత్త ప్లాట్లున్నాయని, అన్ని రకాలవాళ్ళూ ఉంటారని చెప్పారట. అది చూశావా? మా ఓనరు దసరాలోపు ఖాళీ చెయ్యమన్నాడు. వాళ్ళబ్బాయి వస్తున్నాడట. నిజమో కాదో అడిగే ఓపిక కూడా లేదు.

నీ మానస

---

జహీరాబాద్
4 ఆగస్టు 2025

బిడ్డా,

ముసురు పట్టింది. కవర్లు తడవకుండా బట్టల షాపు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని తిరిగాను. మూడోది ఇటు చెరకు తోటల వైపు చూశాను, అక్కడా అదే పాట.

నువ్వు చెప్పిన మొగుడంపల్లి దారి ప్లాట్లకూ పోయాను. మట్టిరోడ్డు. నీళ్ళు వారానికోసారి ట్యాంకరులో వస్తాయి. ఒకింట్లో బీదర్ నుంచి వచ్చిన కన్నడమాయన, ఒకింట్లో మరాఠీవాళ్ళు, ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న సాయిబులు, చివర ఫ్యాక్టరీలో పనిచేసే ఒరియా కుర్రవాళ్ళు. ఎవరిని ఏ భాషలో పలకరించాలో తెలియదు. కవరు సంగతి అడగకు, ఎవరూ సరిగ్గా పలకలేదు. ఆ చోటు మరిచిపో.

అసలు చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని. నా ఇంట్లో పక్క పోర్షను ఖాళీ అయింది. అల్లం కమిషను దుకాణంలో గుమస్తా ఉండేవాడు, పోయిన నెల వెళ్ళిపోయాడు. రెండు గదులు, వంటిల్లు. మీరు ఇక్కడికే వచ్చెయ్యండి. నా ఇంటి గేటు దగ్గర మిమ్మల్ని ఎవడడుగుతాడో నేనూ చూస్తాను.

మీ అత్తగారు నాకు కొత్తా? మా ఊరి మనిషే. ఆమె మొగుడు దానియేలు షోలాపూర్ మిల్లులో ఉన్నప్పుడు అతని ఉత్తరాలన్నీ ఆమెకు చదివి పెట్టింది నేనే. పన్నెండేళ్ళు. ఆమెను అడుగు, చెప్తుంది.

నాకు కూడా ఇంట్లో ఒక మనిషి అలికిడి కావాలి బిడ్డా. వినబడకపోయినా కనబడుతుంది కదా.

నీ పెద్దమ్మ

---

లింగంపల్లి
12 ఆగస్టు 2025

పెద్దమ్మా,

నీ ఉత్తరం చూసి నేను మాత్రం సగం సామాను మనసులోనే సర్దేశాను. అయితే అత్తమ్మ మోకాళ్ళు వంగవు, నీ ఇంట్లో కింద కూర్చునే దొడ్డి కదా, దానికి భయపడుతోంది. సరే అది చూద్దామంటే, ఇంటిముందు మెట్లెక్కలేనంది. అదీ సరే అంటే, మీ గల్లీలోకి పూజిత స్కూలు బస్సు రాదంది. ఆమె ఎప్పుడూ ఇంత పేచీ పెట్టే మనిషి కాదు. ప్రణయ్‌ని అడిగితే "అమ్మ ఇష్టం" అని పక్కకు తిరిగి పడుకున్నాడు.

ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. కొన్నాళ్ళు ఆగు.

నీ మానస

---

జహీరాబాద్
1 సెప్టెంబర్ 2025

బిడ్డా,

ఆగలేదు. దొడ్డిలో కుర్చీ కమోడు పెట్టించాను. ఇంటిముందు మెట్లు పగలగొట్టించి, వాలుగా సిమెంటు చేయించి, పక్కన పట్టుకోవడానికి ఇనుప గొట్టం కూడా బిగించాను. మేస్త్రీ నర్సింగ్ మూడు రోజులని చెప్పి పదకొండు రోజులు చేశాడు. ఆ పదకొండు రోజులూ నేను పలకల మీద నడిచి ఇంట్లోకి పోయాను. స్కూలు బస్సు డ్రైవరుతో మాట్లాడితే గల్లీ మొదట్లో ఆపుతానన్నాడు.

ఇంకేం కావాలో మీ అత్తగారిని అడిగి ఒక్కసారే రాయి. పట్నంలో కొన్నేళ్ళుంటే మనిషికి ఇంత గీర వస్తుందని నాకు తెలియదు. ఒంట్లో ఓపిక ఉన్నంతవరకే నా మంచితనం.

నీ పెద్దమ్మ

---

లింగంపల్లి
10 సెప్టెంబర్ 2025

పెద్దమ్మా,

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను.

మొన్న ఆదివారం ప్రణయ్ నాకు చెప్పకుండా మొగుడంపల్లి దారి ప్లాట్లకు పోయాడు. ఖాళీ ఇంటి పక్కన మహాదేవప్ప అనే పెద్దాయన, రిటైరైన లారీ డ్రైవరు, "ప్రణయ్ నువ్వేనా? నీ కవరు నెల నుంచి మా టీవీ కింద ఉన్నది. ఒకామె ఇచ్చి పోయింది" అని తెచ్చి ఇచ్చాడట. మంగళవారం ట్యాంకరు వస్తుందని, డ్రమ్ములు ముందే కొనుక్కొమ్మని కూడా చెప్పాడట. కవరు లోపల నువ్వు మడిచిపెట్టిన ఖాళీ కాగితం ఉంది.

ఎవరూ పలకలేదని రాశావు. ఎందుకు పెద్దమ్మా? మమ్మల్ని నీ ఇంటికి రప్పించుకోవాలనే అని తెలుసు, అందుకే కోపం పూర్తిగా రావడం లేదు. కానీ నేను ఇక్కడ రోజుకొక టు-లెట్ బోర్డు కింద నిలబడి వస్తున్నాను.

నువ్వు మెట్లు తీయించిన సంగతి అత్తమ్మకు చదివాను. తరవాత, "ముప్ఫై ఏండ్ల కింద తీయించాల్సింది" అంది. అప్పుడు చెప్పింది.

ఊళ్ళో మీ పాత ఇంటి ముందుగదే పోస్టాఫీసు కదా. అత్తమ్మ ఉత్తరం కోసం వస్తే నువ్వు కిటికీ దగ్గర కూర్చుని చదివేదానివి. ఆమె మెట్ల కింద, వాకిలి చివర నిలబడేది. ఆమె చెప్పిన మాటలు అట్లాగే రాస్తున్నాను. "అంత దూరం నిలవడితె నాకు వినవడాలె గదా. అందుకని ఆమె గట్టిగ చదివేది. ఎదురుంగ చాయ హోటల్. ఒకపారి ఆయన నా మీద పావురంగ ముచ్చట రాసిండు. మొగడు పెండ్లానికి రాసుకునే మాటలు. హోటల్ల కూసున్నోళ్ళందరు విన్నరు. ఆర్నెల్లు నేను ఎటు పోయినా ఆ మాటలనే అన్నరు, పాట లెక్క. నాకు సిగ్గయి, గట్ల రాయొద్దని ఆయనకు రాయించిన. గంతే, క్షేమం అని రెండు ముక్కలు రాసుడు మొదలువెట్టిండు. రెండేండ్లకు షోలాపూర్లనే పాణం పోయింది. పోయేదాక నాకు మల్ల ముచ్చట రాయలే."

ప్రణయ్‌కి ఇదంతా తెలుసు. నాకు చెప్పొద్దని వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుందట, నీ మీద నాకున్న ప్రేమ పాడవుతుందని.



మానస

---

జహీరాబాద్
13 సెప్టెంబర్ 2025

మానసకు,

పన్నెండేళ్ళు ఆమె ఉత్తరాలు చదివాను. అది నా ఉద్యోగంలో లేదు. చేతిలో పనులాపుకుని చదివాను. ఊరి కట్టుబాటు నేను పెట్టింది కాదు. నేను పుట్టకముందు నుంచి ఉంది. ఆమెను లోపలికి పిలిచి ఉంటే మరునాడు నా ఇంటిముందు కొట్లాట అయ్యేది. అప్పుడు నాకు నలభై కూడా నిండలేదు, మొగుడు పోయిన మనిషిని.

రావాలంటే రండి. లేదంటే టు-లెట్ బోర్డు కడతాను.

భాగీరథి

---

జహీరాబాద్
28 సెప్టెంబర్ 2025

మానసా, ఇది మీ అత్తగారికి. చదివి వినిపించు. వంటింట్లో తలుపు వేసి, మెల్లగా.

నాగరాణికి,

"నాగరాణి గారికి" అని రాసి కొట్టేశాను. నిన్నెప్పుడూ అట్లా పిలవలేదు. ఇప్పుడు రాస్తే కాగితం మీద వేషం వేసినట్టుంటుంది.

ఆ ఉత్తరం నాకు గుర్తుంది. లేదని మానసకు రాద్దామనుకున్నాను కానీ ఉంది. నీ చేతి జొన్నరొట్టె వాసన మిల్లులో కూడా వస్తోందని మొదలుపెట్టాడు. ఆ తరవాతి మాటలు చదువుతుంటే నాకే సిగ్గేసింది. హోటలు వైపు చూశాను. వాళ్ళు గ్లాసులు కింద పెట్టి వింటున్నారు. అయినా నేను ఆపలేదు. గొంతు తగ్గిస్తే నీకు వినబడదు. నిన్ను దగ్గరికి రమ్మంటే సరిపోయేది. నాలుగడుగులు. ఆ మాట నా నోటికి రాలేదు నాగరాణీ.

ఊరి కట్టుబాటు అని మొన్న మానసకు రాశాను. అది సగమే నిజం. ఒకసారి వానపడుతుంటే నువ్వు మొదటి మెట్టు మీద కాలు పెట్టావు. అప్పుడు వీధిలో ఒక్క మనిషి లేడు, ఎవరూ చూడరు. అయినా నేను నీ కాలు వైపు చూశాను. నువ్వు దిగి వానలో నిలబడ్డావు. అప్పుడు నన్నాపిన ఊరు ఏదీ లేదు. నేనే ఉన్నాను.

పదిహేను రోజులుగా నాకిదే గుర్తొస్తోంది. గేటు కాలనీ ఆవిడను ఎంత తిట్టుకున్నానో. ఆమె కవరైనా ముట్టుకుంది.

నువ్వు నా ఇంటికి రావద్దు. మహాదేవప్ప పక్కిల్లే తీసుకోండి. ఆ రోజు అతను కవరు మీది పేరు కూడా చదవలేదు, తీసుకుని లోపల పెట్టాడు. ఆ సంగతి మానసకు దాచాను, అది నా తప్పు. దానియేలు మాటలు నీకు లేకుండా చేశాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

భాగీరథి

---

మొగుడంపల్లి రోడ్డు, జహీరాబాద్
12 అక్టోబర్ 2025

పెద్దమ్మా,

పై చిరునామా చూశావు కదా. వచ్చేశాం. సామాను దించుతుంటే ఒరియా కుర్రవాళ్ళు బీరువా మోశారు. ఎదురింటి కుట్టుమిషనామె పరదాలకు కొలతలు తీసుకుపోయింది, మేము అడగకముందే. మహాదేవప్పతో అప్పుడే డ్రమ్ము జాగా కోసం ఒక పోట్లాట అయింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి నీళ్ళ కోసం పోట్లాడాం, మాకు హాయిగా ఉంది. ప్రణయ్ ఆరున్నరకు ఇంటికొస్తున్నాడు. పూజితకు సిగ్గు పోయింది.

నీ ఉత్తరం అత్తమ్మకు నువ్వు చెప్పినట్టే చదివాను. రెండోసారి చదవమంది. జొన్నరొట్టె మాట దగ్గర ఆపి, "అది నేను మర్చిపోయిన. ఇంక ఏమున్నదో ఆమెకు యాదికున్నదేమో" అంది. కళ్ళు తుడుచుకోలేదు, అట్లాగే కారనిచ్చింది.

రెండు రోజుల తరవాత, బియ్యం ఏరుకుంటూ, ఉన్నట్టుండి చెప్పింది. "మంచిగ రాసింది. గని మాఫ్ చేసిన అని రాయకు, ఇంక చెయ్యలే. ఆమెనే రమ్మను ఒక ఐతారం నాడు. వంటింట్లనే కూసుందాం. నేను చాయ చేస్త, తాగమను. తాగినంక ఆయన రాసినయి ఎన్ని యాదికుంటె అన్ని చెప్పమను. నా చెవుల చెప్పమను, మెల్లగ."

నీ ఇంటికి ఐదు కిలోమీటర్లు కూడా లేదు. ఆటో పంపమంటావా?

మానస

---

జహీరాబాద్
5 నవంబర్ 2025

బిడ్డా మానసా,

ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరం రాస్తున్నానని నవ్వుకోకు. ఈ మాట ఎదురుగా చెప్పలేను.

రెండు ఆదివారాలు పక్కింటి సుష్మ టీచరుతో ఫోను చేయించి కాళ్ళవాపని చెప్పించాను. కాళ్ళు బాగానే ఉన్నాయి. రెండుసార్లూ చీర మార్చుకుని, పండ్లు కొనుక్కుని, గల్లీ మొదటిదాకా పోయి తిరిగొచ్చాను.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. నాగరాణి వాళ్ళ ఇళ్ళలో ఇంతవరకు మంచినీళ్ళు కూడా తాగలేదు. నీ పెళ్ళికి మన వాళ్ళెవరూ రాకపోయినా నేనొచ్చానని నువ్వు అందరికీ గొప్పగా చెప్తావు. నేను ముద్ద ముట్టకుండా ఏడు గంటల బస్సుందని పోయాను. ఆ టైముకు బస్సు లేదు. బస్టాండులో తొమ్మిదింటిదాకా ఆకలితో కూర్చున్నాను.

నా బుద్ధి మారిందని కాగితం మీద రాయడం తేలిక. చేతికి బుద్ధి ఉండదు బిడ్డా. నాగరాణి చాయ ఇస్తే నా చేయి ఒక్క క్షణం ఆగుతుందేమోనని భయం. ఆగితే ఆమె చూస్తుంది. పన్నెండేళ్ళు నా చూపు చదివిన మనిషి, ఆమె దగ్గర ఏదీ దాగదు. అందుకే రాలేదు.

అయినా దానియేలు మాటలు నాకు చాలా గుర్తున్నాయి. పిట్టకథలు రాసేవాడు, ఒక పాట కూడా రాశాడు. నా తరవాత అవి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నేను పోతే అవీ పోతాయి. ఆ ఒక్కటి ఆలోచిస్తే మాత్రం ఇంట్లో కూర్చోలేకపోతున్నాను.

ఈ ఆదివారం పది గంటలకు వస్తాను. ఆటో పంపవద్దు, నడుమ దిగిపోతానేమోనని సుష్మను గేటుదాకా తోడు రమ్మన్నాను. నా చేయి ఆగితే ఆగిందని నాగరాణి ముఖం మీదే అనమను, పడతాను. జాలిపడి సగం పొయ్యొద్దని చెప్పు. కప్పు నిండా పొయ్యమను.

నీ పెద్దమ్మ
భాగీరథి